ఆ ట్యూబులు పట్టుకురమ్మనండి

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో పనిచేస్తున్న వైద్యులు చర్మవ్యాధులపై పంపిన ప్రశ్నలకు బరంపురంలోని ఒక సీనియర్ చర్మవైద్యురాలి జవాబులు.

ప్రశ్న: గుణుపురం దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను మేడమ్. ఎంబీబీఎస్ కాగానే ఇక్కడికి వచ్చాను. ఓపీలో తామర కేసులకు లెక్కలేదు. ఫంగస్ మందు టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు రెండు వారాలు ఇస్తున్నాను. తగ్గినట్టే తగ్గి, నెల తిరక్కుండా మళ్లీ వస్తున్నారు. ఇంతకంటే బలమైన మందు ఏది?
– వైద్యాధికారి, రాయగడ జిల్లా

జవాబు: మందు సంగతి తర్వాత చూద్దాం. ముందు రోగి ఇంట్లో ఉన్న ట్యూబులు తెప్పించండి. ‘ఏమైనా రాశావా?’ అని అడిగితే ‘ఏమీ రాయలేదండీ’ అనే అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. డాక్టరు ఇచ్చిందే మందు, దుకాణంలో కొన్నది వాళ్ల లెక్కలో మందు కాదు. అందుకే ‘అయిపోయిన ట్యూబులతో సహా అన్నీ రేపు పట్టుకురా’ అనండి. పాతపట్నం వెళ్లినప్పుడు కొన్నవి, బావమరిది దగ్గర అడిగి తెచ్చుకున్నవి, అన్నీ బయటపడతాయి. వాటి మీది సన్నక్షరాలు చదవండి. క్లోబెటసాల్ గానీ బెటామెథసోన్ గానీ, ఏదో ఒక స్టెరాయిడ్ ఉంటుంది. దానికి తోడు ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్.

చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చారు. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అమలు ఎలా ఉందో మీ ఊరి దుకాణం ముందు పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది. దుకాణదారును ఒక్కడినే తిట్టీ లాభం లేదు, ఆ ట్యూబు పేరు చీటీ మీద రాసే మనవాళ్లూ తక్కువేమీ లేరు.

స్టెరాయిడ్ రెండు రోజుల్లో దురద ఆపుతుంది, ఫంగస్‌ను మాత్రం నిశ్చింతగా పాకనిస్తుంది. అంచు ఎర్రగా ఉబ్బి మధ్యలో తేరుకున్న ఆ గుండ్రటి రూపు చెదిరిపోతుంది. ఉంగరంలో ఉంగరం కనిపిస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. పుస్తకంలోని బొమ్మను వెతికే డాక్టరు దాన్ని ఎగ్జిమా అనుకుని ఇంకో స్టెరాయిడ్ రాస్తాడు. దీనికే టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు.

అందుకే మచ్చను గీకి చూడడం నేర్చుకోండి. మీ కేంద్రంలో మలేరియా స్లైడ్ల కోసం సూక్ష్మదర్శిని ఉండే ఉంటుంది. మచ్చను స్పిరిట్‌తో తుడిచి, బ్లేడు మొద్దు వైపుతో అంచు నుంచి పొలుసులు గీకండి. మధ్యలో గీకితే ఏమీ దొరకదు. స్లైడు మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కవర్‌స్లిప్ పెట్టి, పావుగంట ఆగండి. స్లైడు కింద వెలుతురును కూర్చే కండెన్సర్‌ను కిందికి దించి, ముందు 10ఎక్స్‌లో, తర్వాత 40ఎక్స్‌లో చూడండి. కొత్తవాళ్లు కణాల అంచులను చూసి ఫంగస్ అనుకుంటారు. కణాల అంచులు వలలా అల్లుకుని ఉంటాయి. ఫంగస్ తంతువు ఒకే మందంతో, మధ్యమధ్య అడ్డుగోడలతో, కణాలతో సంబంధం లేకుండా వాటిని దాటుకుని పోతుంది. ఆ తేడా ఒక్కసారి కంటికి పట్టిందంటే ఇక పోదు. చూడడం అయ్యాక కటకం తుడవడం మరవకండి, ఆ ద్రావణం దాన్ని తినేస్తుంది. స్టెరాయిడ్ రాసినవాళ్లలో తంతువులు కుప్పలుగా దొరుకుతాయి. ఈమధ్యే ఫంగస్ మందు వాడి ఉంటే ఏమీ దొరక్కపోవచ్చు, అంతమాత్రాన తామర కాదని తేల్చేయకండి.

ఇక మందు. ఇప్పుడు మన దేశమంతా వ్యాపించిన ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము జన్యువులో మార్పు వచ్చిన రకాలకు టెర్బినాఫిన్ పనిచేయదు. అలాంటప్పుడు ఇట్రాకొనజోల్ రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వారాలు, అవసరమైతే ఇంకొన్నాళ్లు. క్యాప్సూల్ కడుపునిండా తిన్నాకే వేసుకోవాలి. పక్కనే కడుపులో ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ రాశారో, సగం మందు వృథా. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు, గర్భిణులకు వద్దు. మచ్చ పోయాక కూడా రెండు వారాలు పూతమందు ఆపకూడదు. ఇంట్లో ఇంకెవరికి ఉందో అడగండి, అందరికీ కలిపి వైద్యం చేయండి. మొలతాడు పక్కకు జరిపి దాని కింద కూడా చూడండి. అడగకపోతే అక్కడ ఉందని ఎవరూ చెప్పరు.

ప్రశ్న: కాశీనగర్ వైపు సవర గూడేలకు వెళ్తుంటాను. తెల్లమచ్చ కనిపిస్తే కుష్ఠేమోనని భయం, కాదేమోనని అనుమానం. స్పర్శ పరీక్ష చేద్దామంటే భాష అడ్డు. అందరినీ బరంపురం పంపేయాలా?
– గజపతి జిల్లా వైద్యుడు

జవాబు: పంపేస్తే వాళ్లు బరంపురం రారు, ఇంటికి పోతారు. బస్సు ఛార్జీ, పోయిన కూలి ఎవరిస్తారు?

2005 డిసెంబరులో దేశం మొత్తం మీద కుష్ఠు పది వేల మందికి ఒక కేసు కంటే తక్కువకు వచ్చిందని ప్రకటించారు. దాన్ని చాలామంది డాక్టర్లు కుష్ఠు పోయిందన్నట్టు విన్నారు. పోలేదు, మన జిల్లాల్లో అసలే పోలేదు.

పరీక్షకు బాల్‌పెన్ను చాలు. ‘తెలుస్తోందా?’ అని అడగకండి. డాక్టరును నొప్పించడం ఎందుకని ప్రతిసారీ తల ఊపుతారు. కళ్లు తెరిచి ఉండగా ఒకటి రెండుసార్లు మంచి చర్మం మీద తాకి, తాకిన చోటే వేలు పెట్టమని సైగ చేయండి. తర్వాత కళ్లు మూయించి మచ్చ మీద తాకండి. వేలు రాకపోయినా, దారి తప్పినా స్పర్శ లేనట్టే. దీనికి సవర భాషా అక్కర్లేదు, ఒడియా అక్కర్లేదు. ముఖం మీద మాత్రం ఈ పరీక్షను నమ్మకండి, అక్కడ స్పర్శ పోయినా బయటపడడం కష్టం. పిల్లల బుగ్గల మీద సన్నటి పొలుసుతో ఉండే పాలిపోయిన మచ్చలు చాలావరకు పిటిరియాసిస్ ఆల్బా అనే ప్రమాదం లేని మచ్చలే. వెంటనే కుష్ఠు ముద్ర వేసి ఆ ఇంటిని ఊరికి వెలి చేయకండి. మోచేతి వెనుక నరం, మోకాలి పక్క నరం రెండువైపులా వేళ్లతో దొర్లించి, లావెక్కాయేమో పోల్చి చూడండి.

మందులు మొదలుపెట్టే ముందు ఇంకొక మాట. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ రక్తహీనత, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైము లోపం రెండూ ఉన్నాయి. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు కుష్ఠు మందుల్లో ఒకటైన డాప్సోన్ ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. హిమోగ్లోబిన్ చూడకుండా బ్లిస్టర్ ప్యాకు చేతిలో పెట్టి పంపకండి. మందు మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల మధ్య జ్వరం, ఒళ్లంతా దద్దురు, కామెర్లు కనిపిస్తే డాప్సోన్ ఆపించి అదే రోజు పెద్దాసుపత్రికి పంపండి. అలా కాకుండా మచ్చలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, చేతిలో గానీ కాలిలో గానీ బలం తగ్గితే అది రియాక్షన్, అంటే కుష్ఠు క్రిములపై ఒంటి రక్షణ వ్యవస్థ ఒక్కసారిగా తిరగబడడం. అప్పుడు కుష్ఠు మందులు ఆపకుండా ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి, మళ్లీ తిన్నగా రావు.

ప్రశ్న: సీఎంఈ (డాక్టర్ల నిరంతర వైద్య విద్య) పాయింట్ల కోసం హోటల్లో సదస్సులకు వెళ్తున్నాను. చర్మవ్యాధుల మీదే ఇప్పటికి చాలా విన్నాను. తిరిగొచ్చి ఓపీలో కూర్చుంటే ఏదీ గుర్తుకు రాదు.
– పర్లాకిమిడి

జవాబు: గుర్తుకు రాకపోవడం మీ తప్పు కాదు. తెర మీద బొమ్మ మారేలోపు చర్మం నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేరు, ఆ బొమ్మలకు డబ్బు కట్టింది క్రీము కంపెనీ అయితే మరీను. 2002 నాటి వైద్య నియమావళి ఐదేళ్లలో 30 గంటలు నేర్చుకోమంది. ఆ గంటలు హోటల్లోనే గడపమని మాత్రం అనలేదు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలలో అనుమతి అడిగి, సెలవు పెట్టుకుని వారం రోజులు చర్మవిభాగం ఓపీలో ఒక మూల కూర్చోండి. ఆ గంటలకు పాయింట్లు రాకపోవచ్చు. రాకపోతే పోనీయండి.

మీ ఓపీలో అంతుపట్టని మచ్చకు, రోగి ఒప్పుకుంటే, ఎండ వెలుతురులో ఫొటో తీయండి. ఇది ఫలానా అని మీ అంచనా ముందే నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ తర్వాతే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ఈ-సంజీవనిలో నిపుణుణ్ణి అడగండి. నెల తర్వాత అదే రోగిని పిలిపించి చూడండి. మనలో చాలామందికి ఆ రెండో చూపే ఉండదు. రోగి మళ్లీ రాకపోతే నయమైందని సంతోషిస్తాం, అతను పక్క డాక్టరు దగ్గర కూర్చుని ఉంటాడు.

చదవాలంటే ఐజేడీవీఎల్ అనే చర్మవ్యాధుల పత్రిక ఉచితం. చర్మం మీది మార్పులను బట్టి నిర్లక్ష్యానికి గురైన వ్యాధులను గుర్తించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెచ్చిన చిన్న పుస్తకం కూడా ఉచితమే. బొమ్మలు బాగుంటాయి.

ప్రశ్న: ఆశ్రమ పాఠశాలలో గజ్జి. పెర్మెత్రిన్ ఇచ్చినా మళ్లీ మళ్లీ వస్తోంది.
– కోరాపుట్ జిల్లా

జవాబు: దురద ఉన్న పిల్లలకే ఇచ్చి ఉంటారు. వంటమనిషికి, వార్డెనుకు కూడా, అందరికీ ఒకే రాత్రి రాయాలి. 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద, బొడ్డులో. ఎనిమిది నుంచి పన్నెండు గంటల తర్వాత స్నానం. వారం తర్వాత మళ్లీ ఒకసారి. ఉతకడానికి వీలుకాని దుప్పట్లను సంచిలో మూటగట్టి వారం పక్కన పెట్టండి. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. వార్డెను కంగారుపడి ఫోను చేస్తారు, అప్పుడు మూడోసారి క్రీము పంపకండి. కొత్త పొక్కులు లేకపోతే రాత్రిపూట సెట్రిజిన్ సరిపోతుంది.