1915లో ఆర్మేనియన్లపై జరిగినదాన్ని జాతిహననమని అనడానికి ప్రభుత్వాలు ఎందుకు వెనుకాడతాయి?

ప్రధాన కారణం టర్కీతో ఉన్న అవసరాలే, చరిత్ర మీద సందేహం కాదు. నేటి టర్కీకి ముందున్న ఒట్టోమన్ సామ్రాజ్య ప్రభుత్వం 1915 ఏప్రిల్ 24న కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఆర్మేనియన్ మేధావులను అరెస్టు చేసింది, ఆ తర్వాత లక్షల మందిని సిరియా ఎడారి వైపు తరిమింది. మృతులు 15 లక్షల వరకు ఉంటారని అంచనా. చావులు జరగలేదని టర్కీ అనదు. జాతిని తుడిచిపెట్టే ఉద్దేశం లేదంటుంది, పేచీ అంతా ఆ ఒక్క మాట దగ్గరే.

అమెరికాలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 2007లో ప్రతినిధుల సభ విదేశాంగ కమిటీ దీన్ని జాతిహననంగా గుర్తించే తీర్మానాన్ని 27–21 ఓట్లతో ఆమోదించగానే టర్కీ తన రాయబారిని వెనక్కి పిలిచింది. అప్పట్లో ఇరాక్‌లోని అమెరికా సేనలకు విమానాల్లో వెళ్లే సరుకులో సుమారు 70 శాతం టర్కీ మీదుగానే సాగేది. తీర్మానం సభలో ఓటింగ్‌కే రాలేదు. జాతిహననంగా గుర్తిస్తానని 2008 ప్రచారంలో మాటిచ్చిన ఒబామా, గెలిచాక 'మెడ్స్ యెఘెర్న్' (ఆర్మేనియన్‌లో మహా విపత్తు) అనే పదంతో సరిపెట్టారు. ప్రాణాలతో బయటపడ్డవారి పిల్లలకు అది తీరని లోటే.

2019 అక్టోబరులో టర్కీ సేన ఉత్తర సిరియాలో ప్రవేశించింది. అదే నెలలో ప్రతినిధుల సభ 405–11తో, డిసెంబరులో సెనేట్ ఏకగ్రీవంగా దాన్ని జాతిహననంగా గుర్తించాయి. 2021లో బైడెన్ ఆ మాట పలికారు. కొత్త సాక్ష్యమేదీ అందుకు కారణం కాదు, టర్కీతో స్నేహం చెడింది.

ఒక గందరగోళం తరచూ ఎదురవుతుంది: పార్లమెంటు తీర్మానం, ప్రభుత్వ గుర్తింపు ఒకటి కావు. 2016లో జర్మనీ పార్లమెంటు తీర్మానించాక, దానికి చట్టపరమైన కట్టుబాటు లేదని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. బ్రిటన్ అయితే తేల్చాల్సింది న్యాయస్థానమని తప్పుకుంటుంది.