రోమ్ దగ్గర ఒక రోజు

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. రోమ్ వెళ్తున్నాం, ఒక రోజు ఖాళీ ఉంది. దగ్గర్లో చిన్న పాత ఊరేదైనా చెప్పండి. మావారికి మోకాళ్ల నొప్పులు.

జవాబు: ఓర్వియెటో వెళ్లండమ్మా. రోమ్ నుంచి రైల్లో సుమారు గంటన్నర. ఊరు నిట్టనిలువు రాతి గుట్ట మీద ఉంటుంది గానీ టెన్షన్ పడకండి. స్టేషన్ ఎదుటే తాడుతో లాగే రైలుపెట్టె పైకి చేరుస్తుంది. మన ఇంద్రకీలాద్రి మెట్లంత శ్రమ లేదు.

దిగగానే పక్కనే బావి. 1527లో సైన్యాలు రోమ్‌ను దోచుకున్నప్పుడు ఏడో క్లెమెంట్ పోప్ పారిపోయి ఇక్కడ తలదాచుకున్నాడు. ముట్టడి జరిగితే నీళ్లెలా అని దీన్ని తవ్వించాడు. లోతు 50 మీటర్ల పైనే. దిగడానికో మెట్లవరస, ఎక్కడానికో వరస, రెండూ మెలికలు తిరుగుతూ వెళ్తాయి. నీళ్లు మోసే గాడిదలు ఎదురుపడేవే కాదు. బెంజ్ సర్కిల్ కట్టినవాళ్లు చూడాల్సింది! మెట్లు 248. మీవారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, ఆయన్ని పైనే కూర్చోబెట్టి మీరు దిగండి.

తర్వాత 1290లో మొదలైన నలుపు తెలుపు చారల చర్చి. అందులోకి భుజాలు, మోకాళ్లు కప్పుకునే వెళ్లాలి. మీ చీరకు ఇబ్బంది లేదు, ఆయన్ని మాత్రం నిక్కరు వేసుకోనివ్వకండి.