పత్తికట్టె ఎంత వస్తుంది, లెక్క ఎలా వేయాలి?

ప్రశ్న: మాది జనగామ జిల్లా. మా రైతు సంఘం పరిధిలో మూడు వేల ఎకరాల పత్తి ఉంది, పంట అయిపోయాక కట్టె చాలావరకు తగలబెడుతున్నాం. దాంతో బ్రికెట్ల (కట్టెను పొడి చేసి నొక్కి చేసే ఇంధన దిమ్మల) మిషన్ పెడదామనుకుంటే, మిషన్ అమ్మే ఆయన ఏడాదికి 6 వేల టన్నుల కట్టె ఖాయం అంటున్నారు. నమ్మొచ్చా సార్?

జవాబు: ముందు మీరే తూకం వేయండి. కట్టె పీకే రోజుల్లో నల్లరేగడిలో రెండు చేలు, చల్కలో (ఎర్ర ఇసుక నేలలో) రెండు చేలు ఎంచుకుని, ఒక్కోదాంట్లో గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) కొలిచి అందులో కట్టె అంతా పీకి కాంటా పెట్టండి, అదే కట్టెను పదిహేను రోజులు ఎండబెట్టి మళ్లీ పెట్టండి, ఎందుకంటే పచ్చికట్టెలో నీళ్ల బరువు చాలా ఉంటుంది, లేకపోతే ఆ నీళ్లకీ ట్రాక్టర్ కిరాయి కడతారు. ఎండాక గుంటకి 25 కిలోలు తూగితే ఎకరానికి టన్ను. మూడు వేల ఎకరాలకి 3 వేల టన్నులు, ఆరు వేలు కాదు.

అదీ చేలో ఉన్న లెక్కే. పొయ్యిలోకి ఎంత పోతోంది, రోటవేటర్‌తో దున్నేసేవాళ్లు ఎందరు, ఇంటింటికీ తిరిగి అడగండి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన అధ్యయనంలో దేశం మొత్తం మీద ఏటా 75 కోట్ల టన్నుల బయోమాస్ (పంట వ్యర్థాలు) ఉంటే మిగులు 23 కోట్ల టన్నుల దగ్గరే ఆగింది, మీ ఊళ్లో ఆ మిగులు ఎంతో మీకే తెలియాలి. ఇవాళ ఊరికే తీసుకుపొమ్మనే రైతు రేపు మిషన్ తిరిగితే ధర అడుగుతాడు. అడగాలి కూడా, అది ఆయన చేలో పండిందే కదా.

అందరూ మర్చిపోయేది నిల్వ. కట్టె వచ్చేది రెండు మూడు నెలలు, మిషన్ తిరగాల్సింది ఏడాదంతా. ఆగస్టులో నేనొక యూనిట్‌కి వెళ్తే కట్టె పోగు పైకి ఎండినట్టే ఉంది, ఒక పక్క లాగితే లోపలంతా తెల్లటి బూజు, చెయ్యి పెడితే వేడి. షెడ్డు ఖర్చు మొదటిరోజే లెక్కలో రాసుకోండి. ట్రాలీ నిండినా కట్టె బరువు తూగదు కాబట్టి చేను దగ్గరే ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి తెచ్చుకోండి.

వరిగడ్డిని మాత్రం కలపకండి. పశువులకి కావాలి, పైగా దాని బూడిదలో సిలికా ఎక్కువ, బాయిలర్‌లో గడ్డకడుతుందని కొనేవాళ్లు పేచీ పెడతారు. పత్తికట్టె త్వరగా తీసేస్తే మీ చేలల్లో గులాబీ రంగు పురుగు ఉధృతి కూడా తగ్గుతుంది, రైతులకి ఈ మాట గట్టిగా చెప్పండి.

ఈ సీజన్ తూకాలు అయ్యేదాకా మిషన్‌కి అడ్వాన్స్ కట్టకండి.