అర్ధరూపాయి కార్డు, ఆర్టీసీ బస్సు

బడి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయిని జవాబులు

ప్రశ్న: ఖమ్మం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. 34 మంది పిల్లలు, ఇద్దరం ఉపాధ్యాయులం. ఊళ్లోని ప్రైవేటు బడివారు మనిషికి 1,500 రూపాయలు తీసుకుని పిల్లలను హైదరాబాదులో నీళ్ల ఆటల పార్కుకు తీసుకువెళ్లి వచ్చారు. ఇప్పుడు మా పిల్లల తల్లిదండ్రులు ‘మన బడిలో ఇలాంటివి ఉండవా సారూ’ అని అడుగుతున్నారు. ఎక్కువ మంది కూలి పనులకు వెళ్లేవారు. వాళ్లను అంత డబ్బు ఎలా అడగను?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: అడగవద్దు మాస్టారూ. అందరూ రాలేని చోటికి అసలు బయలుదేరవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ తప్పు చేశాను. డబ్బు కట్టిన 22 మందిని విహారయాత్రకు తీసుకువెళ్లాను. కట్టలేని ఏడుగురు ఆ రోజంతా బడి అరుగు మీద కూర్చున్నారట. మర్నాడు వెళ్లివచ్చినవాళ్లు కబుర్లు చెప్పుకుంటుంటే, ఆ ఏడుగురిలో ఒక అమ్మాయి తల ఎత్తకుండా పలక తుడుస్తూ కూర్చుంది. తుడిచిన పలకనే మళ్లీ మళ్లీ తుడిచింది. ఆ తర్వాత ఏ బడిలోనూ నేను మనిషికి ఇంత అని వసూలు చేయలేదు.

మొదటి యాత్ర మీ ఊరి పోస్టాఫీసుకే పెట్టుకోండి. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. 34 మందికి 17 రూపాయలవుతుంది. ఒక్కొక్కరి చేత వాళ్ల ఇంటికే ఉత్తరం రాయించండి. చిరునామా రాయడం తెలియని పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ రోజు మీకే తెలుస్తుంది. ఇంటి పేరు, వీధి, మండలం, చివర ఆరు అంకెల పిన్‌కోడు. ఆ మొదటి అంకె 5 మన రెండు రాష్ట్రాలకూ ఒకటేనని చెబితే మా పిల్లలు ఎంత ఆశ్చర్యపోయారో! పోస్టుమాస్టరు గారిని ముందురోజే కలిసి, తేదీ ముద్ర వేసేటప్పుడు పిల్లలను దగ్గర నిలబడనివ్వమని అడగండి. తాము రాసిన కార్డు మీద ఆ నల్లటి గుండ్రటి ముద్ర పడుతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు.

మా బడిలో మూడో తరగతి పిల్లవాడు ఒకడు, ‘అమ్మా, నేను బడిలో ఉన్నాను. నువ్వు అన్నం తిన్నావా?’ అని రాశాడు. అంతే, రెండే వాక్యాలు. కార్డు ఇంటికి చేరాక, చదవడం రాని ఆ తల్లికి వాడే చదివి వినిపించాడు. ఆమె దాన్ని దేవుడి పటం వెనుక దాచుకుంది. ఏ పార్కు నుంచి అలాంటిది తెచ్చి ఇవ్వగలం చెప్పండి?

కాస్త దూరం వెళ్లాలనుకుంటే మీకు నేలకొండపల్లి ఉంది. భద్రాచలం గుడి కట్టించిన కంచెర్ల గోపన్న, అంటే మన భక్త రామదాసు పుట్టిన ఊరు. ఆ ఊరికి దగ్గర్లోనే బౌద్ధుల కాలం నాటి పెద్ద ఇటుకల స్తూపం ఉంది. దాని చుట్టూ అడుగులు లెక్కపెడుతూ నడవమనండి. మొదట ఒకటో తరగతి వాళ్లు, తర్వాత అయిదో తరగతి వాళ్లు. ఒకే స్తూపానికి రెండు లెక్కలు ఎందుకు వచ్చాయో వాళ్లలో వాళ్లే వాదించుకోవాలి, మీరు నోరు విప్పకండి. కొలతల పాఠం అక్కడే అయిపోతుంది. ప్రయాణానికి మీ ఊరి పల్లెవెలుగు బస్సు చాలు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. మగపిల్లలకు అర టికెట్టు. ఆ కొద్దిపాటి ఖర్చు ఊరి పెద్దలు సంతోషంగా భరిస్తారు.

ఇంకొక్క మాట. ఒక రోజుకు ఒక్కటే చూపించండి. కొండపల్లికి వెళ్లినప్పుడు నేను కోట జోలికి పోలేదు. బొమ్మలు చేసే ఒక ఇంటి ముందే పూట గడిపాం. తెల్లపొణికి చెక్క ముక్కను ఆ పెద్దాయన పిల్లల చేతికిచ్చారు. ‘టీచర్, ఇందులో బరువే లేదు’ అని ఒకడు దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూనే ఉన్నాడు. చేతులు, తల, ఒళ్లు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం చూశారు. వారం తిరిగేసరికి బడి వెనుక చింతచెట్టు కింద ఒక్క గింజ మిగల్లేదు.

ప్రశ్న: మా పాప మూడో తరగతి. బడివాళ్లు రెండు బస్సుల్లో నాగార్జునసాగర్ తీసుకువెళతామంటున్నారు. నాకు గుండె దడగా ఉంది. పంపకపోతే పాప ఏడుస్తుంది.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ భయం తప్పు కాదమ్మా. బడికి వెళ్లి నాలుగు విషయాలు నేరుగా అడగండి. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉంటారు? చిన్న తరగతులకు నేను పదిమందికి ఒకరి కంటే తక్కువ ఎప్పుడూ ఒప్పుకోలేదు. చీకటి పడేలోపు ఇంటికి చేరుస్తారా? లాంచీ ఎక్కిస్తే ప్రతి పిల్లకూ లైఫ్ జాకెట్టు ఉంటుందా? నీళ్లలోకి దించుతారా? ఈ చివరి ప్రశ్నకు ‘కాసేపు, మోకాలి లోతు వరకే’ అని జవాబు వస్తే పాపను పంపవద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువ నుంచి నీళ్లు వదిలారు, చూస్తుండగానే నది పెరిగింది. వాళ్లు ఎదిగిన పిల్లలు. మనం మాట్లాడుతున్నది ఎనిమిదేళ్ల పాప గురించి.

పిల్లలను లెక్కపెట్టే పద్ధతి కూడా అడగండి. ఉండవల్లి గుహల్లో నా పిల్లవాడు ఒకడు పన్నెండు నిమిషాలు కనబడలేదు. ఆ పన్నెండు నిమిషాలు నేను ఎలా ఉన్నానో రాయలేను. చివరికి శయనించి ఉన్న అనంతపద్మనాభస్వామి పాదాల దగ్గర ఆ మసక వెలుతురులో దొరికాడు. ‘ఇంత పెద్ద దేవుడు ఒకే రాయా టీచర్?’ అన్నాడు. వాణ్ని దగ్గరకు తీసుకుని ఏడ్చేశాను. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా పిల్లలను జోడీలుగా కట్టాను. బస్సు ఎక్కినా దిగినా, తినడానికి కూర్చున్నా లేచినా, జోడీ కనబడకపోతే రెండోవాళ్లు గట్టిగా అరవాలి. తలలు నేను లెక్కపెట్టడం కంటే ఇదే త్వరగా పనిచేసింది.

జవాబులు సరిగా ఉంటే ధైర్యంగా పంపండి. మీ ఫోను నంబరు చీటీ మీద రాసి గౌను లోపల పిన్నీసుతో పెట్టండి. బస్సులో వాంతులయ్యే పిల్ల అయితే ముందే టీచరు చెవిన వేయండి, ముందు సీటు ఇస్తారు. వెంట పులిహోర ఇవ్వండి, సాయంత్రం దాకా పాడవదు.

ప్రశ్న: వార్షికోత్సవంలో సినిమా పాటకు నాట్యం కోసమని రెండో తరగతి చదివే నా మనవరాలికి నెల రోజులుగా పాఠాలు లేవు. నేను వద్దంటే పాతకాలం మనిషినంటారా?
– ఒక తాతయ్య, కాకినాడ

జవాబు: అననివ్వండి, మీరు అడగవలసిందే అడుగుతున్నారు. ఒక్క రోజు వేదిక కోసం నెల రోజుల చదువు పోకూడదు. దానికి బదులు శనివారాల్లో బాలసభ పెట్టమనండి. ప్రతి పిల్లకూ వంతు వస్తుంది, దుస్తుల అద్దె ఉండదు. మొదటి శనివారం మీరే వెళ్లి ఒక పొడుపు కథ వేయండి: ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు.’ మా పిల్లలు దీనికి కళ్లు టపటపలాడిస్తూ ఆలోచించేవారు, జవాబు కనురెప్పలేనని తెలియక.