రేసు కారు మలుపులో ఎందుకు జారదు?
దేవరకొండ రోడ్డు మలుపుల్లో 80 దాటితేనే గుండె జారుతుంది, మరి ఫార్ములా వన్ కారు 250లో ఎలా తిరుగుతుందని అడిగారు.

గాలే అసలు కారణం. ముందూ వెనకా ఉండే రెక్కలు, కారు అడుగుభాగం కలిసి గాలి బలంతో కారును రోడ్డుకేసి నొక్కుతాయి. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగింతలు. అందుకే ఆ కారుకు నెమ్మదిగా పోతేనే పట్టు తక్కువ! 2024లో డ్రైవర్‌తో కలిపి కనీస బరువు 798 కిలోలు. మంచి వేగంలో గాలి ఒత్తిడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. టైర్లు కూడా బాగా వేడెక్కితేనే రోడ్డును పట్టుకుంటాయి.

మన కార్లకు ఇవేవీ లేవు. రేసు ట్రాక్ మీద చిన్న ముక్క పడ్డా జాగ్రత్త అని హెచ్చరిస్తూ పసుపు జెండా ఊపుతారు. మన రోడ్ల గుంతలకు మాత్రం ఏ పార్టీ వచ్చినా అంత తొందర లేదు, నాకు నిజంగా కోపమొచ్చేది అక్కడే. రేసర్లు కూడా గట్టి బ్రేకు మలుపుకు ముందే వేస్తారు. వానలో మీరూ మలుపుకు ముందే, కానీ మెల్లగా, వేగం తగ్గించండి.