ఈజిప్టుకు ఎగుమతులు: కొనేవాళ్లు ఉన్నారు సరే, వాళ్లకు డాలర్లు దొరుకుతాయా?

ఈజిప్టు వంటి ఎదుగుతున్న మార్కెట్‌లోకి కొత్తగా ఎగుమతులు మొదలుపెట్టే విదేశీ కంపెనీకి అవకాశాలు ఎక్కువా, ఇబ్బందులు ఎక్కువా అని మీరు అడిగారు. నీటి పైపులకు వాల్వులు తయారుచేసే ఒక కంపెనీలో ఎగుమతి పత్రాల పని చూశాను గనుక నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. అక్కడ కొనేవాళ్లు ఉన్నారా అన్నది పెద్ద ప్రశ్న కాదు. కొన్న మనిషికి చెల్లించవలసిన నాటికి డాలర్లు దొరుకుతాయా అన్నదే అసలు ప్రశ్న.

గిరాకీకి కొదవ లేదు. 2020లోనే జనాభా 10 కోట్లకు చేరింది, ఎడారిని సాగులోకి తెచ్చే పథకాలు, కొత్త నగరాల నిర్మాణం ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల ఉమ్మడి మార్కెట్ అయిన కొమెసాలోనూ, అరబ్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంలోనూ ఆ దేశానికి సభ్యత్వం ఉంది. ఇవన్నీ నిజాలే. అయితే మార్కెట్ నివేదికలు రాసేవారు జనాభాను తలసరి వినియోగంతో గుణించి, వచ్చిన మొత్తాన్ని మన అవకాశంగా చూపించి, రుసుము తీసుకుని వెళ్లిపోతారు. నేను చదివిన అటువంటి నివేదికల్లో ఒక్కదానిలోనూ దిగుమతిదారుడి బ్యాంకు గురించి ఒక్క పేరా కనబడలేదు.

2022 ఫిబ్రవరిలో ఈజిప్టు కేంద్ర బ్యాంకు, దిగుమతులకు కలెక్షన్ పద్ధతి (సరుకు పత్రాలను బ్యాంకు ద్వారా పంపి డబ్బు వసూలు చేసుకోవడం) ఇక చెల్లదనీ, మార్చి నుంచి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్) తెరవవలసిందేననీ ఆదేశించింది. 5,000 డాలర్ల లోపు సరుకుకూ, మందులకూ, కొన్ని ఆహార పదార్థాలకూ మాత్రం మినహాయింపు ఇచ్చింది. మా అమ్మకాల విభాగం వారు ఈ వార్త విని సంతోషించారు. ఎల్‌సీ అంటే డబ్బు చెల్లిస్తామని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ, ఎగుమతిదారుడికి అంతకన్నా ఏమి కావాలి అన్నది వారి వాదన. ఆ హామీ ఇవ్వడానికి బ్యాంకు దగ్గర డాలర్లు ఉండాలన్న సంగతి వారికి తట్టలేదు. మా ఆర్డరు అంతకుముందే ఖరారై, అడ్వాన్సు అంది, సరుకు తయారై ఉంది. దిగుమతిదారుడు దరఖాస్తు పెట్టాడు, నేడో రేపో ఎల్‌సీ తెరుస్తామని అతని బ్యాంకు చెప్పింది, ఆ మాట మీద పైవారు కంటైనర్‌ను ఓడ ఎక్కించారు.

ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవు చేరిన సరుకు అక్కడే ఆగిపోయింది. దిగుమతి చెల్లింపు ఏర్పాటైందని బ్యాంకు ఇచ్చే పత్రం ఫారం 4 లేనిదే కస్టమ్స్ వారు సరుకు విడిచిపెట్టరు, డాలర్ల వరుసలో మన దిగుమతిదారుడి వంతు రానిదే బ్యాంకు ఆ ఫారం ఇవ్వదు. మే నెలలో ముడిసరుకులకూ, ఉత్పత్తికి కావలసిన సామగ్రికీ మినహాయింపు వచ్చినప్పుడు అతడు ఎంతో ఆశపడి, మా వాల్వులు కూడా ఉత్పత్తి సామగ్రేనని రాసి పంపాడు గాని, అతడు వ్యాపారి, కర్మాగారం ఉన్నవాడు కాదు గనుక బ్యాంకు ఒప్పుకోలేదు. పోర్టు అద్దె, కంటైనర్ ఆలస్యానికి షిప్పింగ్ కంపెనీ వేసే డెమరేజ్ రుసుము పెరుగుతూ పోయాయి, అందులో డెమరేజ్ డాలర్లలోనే కట్టాలి. సరుకు వెనక్కి తెచ్చుకుందామంటే అతని నిరభ్యంతర పత్రం కావాలన్నారు. అడ్వాన్సు ఇచ్చి, ఆ సరుకు అందిస్తానని ఒక కాంట్రాక్టరుకు మాటిచ్చిన మనిషి ఆ పత్రం ఎలా ఇస్తాడు? వారం వారం ఫోను చేసి, ఈ వారం తప్పకుండా వచ్చేస్తుందని మాకు అతడే ధైర్యం చెప్పేవాడు.

చివరికి 2022 డిసెంబరు నెలాఖరులో కేంద్ర బ్యాంకు ఆ ఆదేశాన్ని ఎత్తివేసిన తరువాత గాని సరుకు బయటికి రాలేదు. ఆదేశం వచ్చిన నాడు డాలరుకు 15.7 ఈజిప్టు పౌండ్ల దగ్గర ఉన్న మారకం, 2022 మార్చిలోనూ అక్టోబరులోనూ జరిగిన విలువ తగ్గింపుల తరువాత 2023 జనవరికి 30 దరిదాపులకు చేరింది. అతడు కాంట్రాక్టరుతో ధర మాట్లాడుకున్నది పౌండ్లలో. సరుకు చేతికి వచ్చీ నష్టపోయాడు. ఇంత జరిగినా అతడు ఇప్పటికీ ఆ కంపెనీ దగ్గరే కొంటున్నాడు, ఎందుకంటే ఆ సమయంలో పోటీదారులు చాలామంది అతని ఫోను ఎత్తడం మానేశారు. ఇటువంటి దేశాల్లో అవకాశం అనేది ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉందని నా నమ్మకం.

అందరూ తిట్టిపోసే ముందస్తు కార్గో నమోదు విధానాన్ని మాత్రం నేను తిట్టను. 2021 అక్టోబరు నుంచి సముద్ర రవాణాకు అది తప్పనిసరి అయింది. సరుకు ఎక్కించేముందే దిగుమతిదారుడు 19 అంకెల సంఖ్య తెచ్చుకోవాలి, మనం దానిని ఇన్వాయిస్ మీదా, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు అయిన బిల్ ఆఫ్ లేడింగ్ మీదా వేసి, పత్రాలను కార్గోఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా పంపాలి. ఒకసారి నేర్చుకుంటే అయిపోయే పని అది. సుంకాలు కూడా అంతే. యూరోపియన్ యూనియన్‌తో 2004 నుంచి, టర్కీతో 2007 నుంచి ఈజిప్టుకు సుంకాలు తగ్గించే ఒప్పందాలు అమలులో ఉన్నాయి, భారత్‌కు అటువంటి ఒప్పందం లేదు. అది అన్యాయమని ఎగుమతిదారుల సమావేశాల్లో గంటలకొద్దీ వాపోవడం కన్నా, కొటేషన్‌లో లెక్క కట్టుకోవడం మేలు. రాసి ఉన్న నిబంధనను ఇబ్బంది అనడం నాకు నచ్చదు, రాత్రికి రాత్రి మారేదే ఇబ్బంది.

ఇప్పుడు వెళ్లదలచినవారు దిగుమతిదారుడిని అడగవలసినది అతని షోరూమ్ ఎంత పెద్దదని కాదు. అతనికి కర్మాగారం ఉందా, అతడు కూడా ఏదైనా ఎగుమతి చేసి డాలర్లు సంపాదిస్తున్నాడా, ఏ బ్యాంకులో ఎన్నేళ్లుగా ఖాతా ఉంది అన్నవి అడగాలి. 2024 మార్చిలో పౌండును మార్కెట్‌కు వదిలినప్పుడు డాలరు ఒక్కరోజులో 31 నుంచి 50 దరిదాపులకు వెళ్లింది. పత్రికలు దానిని విపత్తులా రాశాయి గాని, ఎగుమతిదారుడికి అది మంచి వార్తే, ఎందుకంటే దొరకని చవక డాలరు కన్నా దొరికే ఖరీదైన డాలరుతోనే వ్యాపారం సాగుతుంది. అయినా మూడో దేశపు బ్యాంకు కన్ఫర్మ్ చేసిన (అంటే ఈజిప్టు బ్యాంకు చెల్లించకపోతే తాను చెల్లిస్తానని హామీ ఇచ్చిన) ఎల్‌సీ లేకుండా పెద్ద ఆర్డరు పంపవద్దు. ఆ కన్ఫర్మేషన్ ఖర్చు ఎవరు భరించాలన్న తగువు ప్రతి ఆర్డరుకూ వస్తుంది, సగం మీరు భరించడానికి ముందే సిద్ధపడి ధర చెప్పండి.