సానికొంపలో సాని ఎవరు?

సందేహం: పాత కథ ఒకటి చదువుతుంటే 'సానికొంప' అనే మాట వచ్చింది. మా కోడలు చెన్నైలోనే పుట్టి పెరిగింది, చదువంతా తమిళం. "దొరసానిలో ఉన్న సాని ఇదేనా మావయ్యా?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచక టీవీ సౌండు పెంచాను. మీరైనా చెప్పండి.
– ఒక పాఠకుడు, పెరంబూరు

సమాధానం: మీ కోడలు సరిగ్గానే పట్టుకుంది. అదే సాని. సంస్కృతంలోని 'స్వామిని' మన నోట సాని అయింది. అంటే యజమానురాలు, పెద్దింటి ఆడమనిషి. దొరసాని, రెడ్డిసాని అలా వచ్చినవే. పురుడు పోసే ఆవిడనూ మంత్రసాని అని మన్నించే పిలిచారు. కాకతీయుల కాలపు శాసనాల్లో గొప్పింటి స్త్రీల పేర్ల చివర సాని కనిపిస్తుంది. గుడిలో ఆడిపాడేవాళ్లకూ అదే మాట. గుడి పోషణ తగ్గి, వాళ్లు డబ్బున్నవాళ్ల అండ చేరాక మాట విలువా పడిపోయి, సాని అంటే వేశ్య అనే అర్థం మిగిలింది. కొంప అంటే నిజానికి మామూలు ఇల్లే. 'కొంప మునిగింది' అన్నప్పుడు మన ఇంటినే కదా అంటాం! సాని పక్కన చేరేసరికి అది ఈసడింపు అయి కూర్చుంది.

ఆ అమ్మాయికి తమిళంలో చెబితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. ఇవాళ చెన్నై వీధుల్లో పచ్చి బూతుగా వినబడే 'తేవడియాళ్'కు మొదటి అర్థం దేవుడి సేవకురాలు. తంజావూరు పెద్దగుడి శాసనంలో, రాజరాజచోళుడు 400 మంది గుడి స్త్రీలను రప్పించి ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి 100 కలాల (కలం అంటే అప్పటి ధాన్యపు కొలత) ధాన్యం ఏర్పాటు చేసినట్టు ఉంది. ఏ వీధిలో ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఎవరిదో కూడా చెక్కించాడు. మన పోస్టుమ్యానుకు కూడా అంత వివరం అక్కర్లేదు.

ఇక వాడుక. కథలో పాత్ర నోట సానికొంప ఉండొచ్చు. మీరు నేను మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వద్దు. అది అక్కడున్న ఆడవాళ్లను తిడుతుంది, వచ్చిపోయేవాళ్లను ఒక్క మాటా అనదు. పత్రికలవాళ్లు వ్యభిచార గృహం అంటున్నారు, సరే. నా ఓటు మాత్రం వేశ్యాగృహానికి. వ్యభిచారం అంటే దారి తప్పడం. ఆ పేరులోనే తీర్పు ఉంది.

వేశ్యను 'వేష్య' అని రాయకండి. వేషం వేస్తుంది కాబట్టి వేశ్య అని కొందరు చెబుతారు, అది తప్పు. వేశం అంటే ఆ స్త్రీలుండే చోటు. 'వేశో వేశ్యాజనసమాశ్రయః' అని అమరకోశం. అంటే ముందు పుట్టింది ఆ చోటుకు పేరు. దాన్నిబట్టే మనిషికి పేరు వచ్చింది.